గోడ మీద నా పేరు

2024 సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు, ఊళ్ళో రైతు కేంద్రం గోడకు అంటించిన జాబితాలో నా పేరు కనిపించింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపానుకి పంట పోయినవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీ జాబితా అది. పెళ్ళప్పుడు నాన్నగారు నా పేర రాసిన ఎకరంన్నర ఉంది కదా, అందుకని! నాట్లు వేసిందీ, కలుపు తీసిందీ, నీళ్ళలో పడిపోయిన వరిని చూసి ఏడ్చిందీ మాత్రం కౌలుకి చేస్తున్న ఆవిడ. పట్నంలో ఉండే నేను ఆ ఏడాది గట్టు మీద కాలైనా పెట్టలేదు.

"సాయం మీ పేరునే రాశారంట గదా, అమ్మాయిగారూ" అంది ఆవిడ. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే నాకు మరీ తల కొట్టేసినట్టయింది.

ఆవిడకు కౌలు కార్డు లేదు. 2019 నాటి చట్టం ప్రకారం ఆ కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. అంతకుముందే ఆవిడ అడిగితే, "సంతకం పెడితే పొలం చేజారిపోతుంది" అన్నారు మా వాళ్ళు. ఆ కార్డు వల్ల యజమాని హక్కుకి ఢోకా లేదని చట్టమే చెబుతోంది. అదేమిటో కనుక్కోకుండా నేనూ ఊరుకున్నాను.

ఈ సాయం పెద్ద మొత్తమేమీ కాదు. 2022-26 కేంద్ర నిబంధనల ప్రకారం, 33 శాతం, అంతకు మించి దెబ్బతిన్న పంటకు నీటి వసతి ఉంటే హెక్టారుకి 17,000 రూపాయలు. అంత కొద్ది డబ్బు కూడా నష్టపోయిన చేతికి చేరకపోతే ఇక అది సాయమెలా అవుతుంది?

పేర్లు బయటపెడితే పరువు పోతుందనేవాళ్ళున్నారు. బ్యాంకు ఖాతా, ఆధార్ నంబర్లు గోడ మీద వద్దు, సరే. కానీ ఎవరికి, ఏ పొలానికి, ఎంత ఇస్తున్నారో ఊరందరికీ తెలియాలి. రాయితీలు అందుకున్నవారి వివరాలు ఎవరూ అడక్కుండానే ప్రకటించాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను చెబుతోంది. ఆ చట్టం ఊరికే రాలేదు. 1994 చివర్లో రాజస్థాన్ పల్లెల్లో కూలీల మస్టర్లు నలుగురిలో చదివించిన సామాన్యుల పోరాటం దాని వెనకాల ఉంది.

జిల్లాకి ఇన్ని కోట్లు అని పేపర్లో చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు. గోడ మీద నా పేరు చూశాకే సిగ్గేసింది. ఆ జాబితాలో ఇంకొక్క గడి ఉండాలి: సాగు చేసింది ఎవరు? డబ్బు పడకముందే దాన్ని గ్రామసభలో పైకి చదవాలి. చదువు రానివాళ్ళు కూడా విని, "అది నా పంట" అనగలగాలి.

డబ్బు నా ఖాతాలో పడ్డాక ఆవిడకే ఇచ్చేశాను. ఇందులో నా గొప్పేమీ లేదు, అది ఆవిడదే. తర్వాతి పంటకి సంతకం కూడా పెట్టాను.

మీ పేరునా పుట్టింటి పొలం ఉందా? ఈసారి ఊరెళ్ళినప్పుడు దాన్ని ఎవరు చేస్తున్నారో, వాళ్ళకి కార్డు ఉందో లేదో ఒక్కసారి కనుక్కోండి.