కత్తిరించిన దయ్యము

గతవారము ఆదోని పఠనమందిరమున ఇద్దఱు యువకుల నడుమ వివాదము పొడమినది. ఒకరు ఆదోని సినిమాహాలులో చూచిన దయ్యపు చిత్రమునే, రెండవవారు ఎమ్మిగనూరున తమ యింట టెలివిజనుపై చూచిరి. బావియొద్ది ఘట్టమును మొదటివారు వర్ణింపగా, అట్టి ఘట్టమే లేదని రెండవవారు పందెమునకు దిగిరి. తీర్పు చెప్పుమని మమ్మడిగిరి. ఇద్దఱును నిజమే పలికిరి. పేరొకటే గాని చిత్రములు రెండు.

కారణము చట్టమున నున్నది. పెద్దలకు మాత్రమేయని ‘ఎ’ ముద్ర పడిన చిత్రమును ఉన్నదున్నట్లు టెలివిజనున చూపరాదు. 2023 సంవత్సరపు సవరణచట్టము, అట్టి చిత్రమునకు మార్పులు చేసినపిమ్మట వేఱుగ ధ్రువపత్రము నిచ్చుటకు దారి కల్పించినది. పసిబిడ్డలున్న యింటికి వచ్చు చిత్రమున నెత్తురు తగ్గించుటను మేము తప్పుపట్టము. ఆ మాట ప్రేక్షకునికి చెప్పకుండుటయే మా యాక్షేపణ. దస్తావేజు నకలున రెండు పంక్తులు విడిచి, పూర్తి నకలని దాఖలు చేసిన వకీలు గతి యేమగునో మా వృత్తివారికి బాగుగ తెలియును.

కత్తెర ప్రభుత్వముచేతనే యున్నదనుకొనుట పొరపాటు. 1932లో అమెరికాలో టాడ్ బ్రౌనింగు తీసిన ‘ఫ్రీక్స్’ తొలుత సుమారు 90 నిమిషముల చిత్రము. పరీక్షార్థము ప్రదర్శింపగా జనులు బెదరిరి. కంపెనీవారు దానిని 64 నిమిషములకు కుదించిరి. తీసివేసిన భాగము నేటికిని దొరకలేదు. 1980లో స్టాన్లీ కూబ్రిక్కు ‘ది షైనింగ్’ విడుదలయైన కొలదిదినములకే చివరి ఆసుపత్రి ఘట్టమును తానే తొలగించెను. 146 నిమిషములు 144 ఆయెను. ఐరోపావారు చూచినది 119 నిమిషములే. 1973 నాటి ‘ది ఎక్సార్సిస్టు’నందు దర్శకుడు ఫ్రీడ్కిన్ తొలగించిన భాగములకై కథారచయిత బ్లాటీ పట్టు విడువలేదు, 2000లో పదినిమిషములకు పైబడిన భాగము మరల చేర్చబడినది. బాలిక తలక్రిందుగ మెట్లు దిగు ఘట్టము అందులోనిదే. మేము రెంటిని చూచితిమి. మొదటిదే మేలని మా తలంపు. దయ్యము కనబడినకొలది భయము తగ్గును. కావున పొడవైనదెల్ల ఉత్తమమని మేము వాదించుట లేదు. ఈపాటి మాట చెప్పగలుగుటయైనను రెండును మిగిలినందుననే గదా!

బీభత్సము వేఱు, భయానకము వేఱు అని భరతుడు ఏనాడో విడదీసి చెప్పెను. సెన్సారువారు నెత్తుటిని కోయుదురు, అది బీభత్సము. వర్తకుడు ఆటల సంఖ్య పెంచుకొనుటకై నిశ్శబ్దమును కోయును. మూసిన తలుపు, దానంతట అది ఆగిన ఉయ్యాల, ఎవరును రాని వసారా — భయానకమంతయు అందే యున్నది. ఈ రెండవ నష్టమే పెద్దది. దానిని గూర్చి కేక వేయువారే లేరు.

2009లో వచ్చిన కోడి రామకృష్ణగారి ‘అరుంధతి’ గద్వాల కథ; అందలి కోటగ కనబడినది మన బనగానపల్లె నవాబు బంగళా. నేటికిని జనులు దానిని చూడబోవుచున్నారు. రాతికట్టడము నిలిచినది. మన దయ్యపు చిత్రముల తొలికూర్పులు ఎచట నిలువవలెను? 1964లో పుణెలో చలనచిత్ర భాండాగారము వెలసినది. విడుదలకు ముందటి కూర్పు నొకదానిని అచట భద్రపఱచుట నిర్మాతలకు విధిగ నేర్పఱుపవలయును. 1970లో అబ్బాసు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ముందస్తు సెన్సారు చెల్లుననుచునే కళకు చోటు విడువుమని హెచ్చరించినది. ఆ తీర్పును మేమిచట తిరుగదోడము. దాచుమని మాత్రమే కోరుచున్నాము.

చట్టము వచ్చుదాక కాచుకొననక్కఱలేని పని యొకటి కలదు. ఎమ్మిగనూరున చీరను కొలత చెప్పకుండ కొనువారుందురా? ఆదోని, ఎమ్మిగనూరు సినిమాహాళ్ల యజమానులు టిక్కెట్ల కిటికీ ప్రక్క పలకపై, ధ్రువపత్రమునందలి నిడివి యెంత, తాము నేడు వేయుచున్నది ఎన్ని నిమిషములు, అని ప్రతిదినము వ్రాయింపవలెను. సుద్దముక్క వెల తప్ప వారికి వేఱు ఖర్చు లేదు.