నూనె కవళ్ల బేరం: అసలుకే ఎసరు తగదు

పడమటి తీరంలో 2024లో నూనె కవళ్ల ధర నడిచిన తీరు వర్తకులు అంత తొందరగా మరచిపోదగినది కాదు. ఆ ఏడాది మధ్యలో సరుకు కరవై కేరళలో కిలో ధర 350-400 రూపాయలకు ఎగబాకింది. సెప్టెంబరు నుంచి రాబడి వెల్లువెత్తడంతో రేవుల్లో అదే చేప 20-30 రూపాయలకు దిగజారింది. మిర్చి, పసుపు బేరాల్లో తలపండినవారికి కూడా ఇంతటి ఊగిసలాట ఆశ్చర్యం కలిగించక మానదు.

ధర ఇలా పడిలేచినప్పుడల్లా స్టాకిస్టుల మీదనో, దళారుల మీదనో నింద పడటం రివాజు. కాని ఇది నెలల తరబడి గోదాములో దాచి ఆడించగల సరుకు కాదు. ఈ ఊగిసలాటకు మూలం ఆ చేప బ్రతుకులోనే ఉంది.

మలయాళీలు మత్తి, చాళ అని పిలిచే ఈ చేప తీరానికి దగ్గరలోనే పెద్ద పెద్ద మందలుగా తిరుగుతుంది. నైరుతి రుతుపవనాల వేళ కేరళ, కర్ణాటక తీరాల్లో అడుగున ఉండే చల్లని, సారవంతమైన నీరు పైకి ఉబికి వస్తుంది. ఆ నీటిలో పెరిగే డయాటముల వంటి సూక్ష్మజీవులే దీని ముఖ్యాహారం. గుడ్లు పెట్టేదీ ప్రధానంగా జూన్-సెప్టెంబరు నెలల మధ్యనే. గుడ్డు ఒక్క రోజులో పిల్ల అవుతుంది. ఏడాది తిరిగేసరికి చేప సుమారు 15 సెంటీమీటర్లు పెరిగి తానే గుడ్లకు సిద్ధమవుతుంది. ఆయుర్దాయం మాత్రం రెండున్నర, మూడేళ్లే. వానాకాలపు మేత తిన్న తరువాతనే ఒంట్లో నూనె పడుతుంది. గుడ్లు పెట్టే రోజుల్లో నూనె తగ్గిపోతుంది.

దీన్ని వ్యాపార భాషలో చెప్పుకుంటే, ఈ సరుకుకు పాత నిల్వ అనేది లేదు. ధాన్యంలో ఒక పంట పోతే గత ఏటి మిగులు ఆదుకుంటుంది. నూనె కవళ్లలో ఒకటి రెండు వానాకాలాల పిల్లలు బతకకపోతే మూడో ఏట వలలు ఖాళీ. ధర ఎంత పెంచినా సముద్రంలో లేని చేప రేవుకు రాదు.

లెక్కలు చూసినా ఇదే తేలుతుంది. కేరళలో 2012లో దాదాపు 4 లక్షల టన్నులు పడిన ఈ చేప 2021లో 3,300 టన్నులకు పడిపోయింది. 2022లో తిరిగి లక్ష టన్నులు దాటింది. 2024లో సుమారు లక్షా 49 వేల టన్నులకు చేరింది. పదేళ్ల వ్యవధిలో నూటికి ఒక వంతు కూడా మిగలని సరుకు మరో మూడేళ్లలో రేవులను ముంచెత్తింది.

ఇదంతా ప్రకృతి లీల అయినప్పుడు వర్తకుడు చేయగలిగినది ఏముందని కొందరి వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. నేటి మోటారు పడవలు, భారీ చుట్టు వలలు లేని 1940 దశకంలోనూ ఈ చేప మాయమైంది. 1943లో మద్రాసు ప్రభుత్వం పిల్ల చేపల వేటపై ఆంక్షలు విధించవలసి వచ్చింది. గాలి, వాన, సముద్రపు వేడి ఎవరి చేతిలోనూ లేవు. పిల్ల చేపను కొనడం, కొనకపోవడం మాత్రం పూర్తిగా వర్తకుని చేతిలోనిదే.

కేరళ ప్రభుత్వం ఈ చేపకు నిర్ణయించిన కనీస పొడవు 10 సెంటీమీటర్లు. ఆ పొడవు చేపలు కిలోకు దాదాపు వంద తూగుతాయి. 15 సెంటీమీటర్లు పెరిగితే ముప్ఫయే చాలు. దారిలో కొన్ని పెద్ద చేపల పాలైనా, కొద్ది నెలల ఓర్పుతో మిగిలిన ప్రతి చేప మూడింతల బరువు తూగుతుంది, నూనె పడుతుంది, గుడ్లు పెడుతుంది. అంతకంటే చిన్నదాన్ని మనుషులు తినడానికి పెద్దగా కొనరు. అది పోయేది చేపల పొడి మిల్లులకే. అక్కడ ఒక టన్ను పొడికి నాలుగు నుంచి అయిదు టన్నుల పచ్చి చేప కావాలి. ఇది వడ్డీ తినడం కాదు, అసలు తినడం.

ఈ వ్యవహారం కేరళకే పరిమితమని ఆంధ్ర వర్తకులు అనుకోరాదు. 1980 దశకం మధ్య వరకు దాదాపుగా పడమటి తీరానికే పరిమితమైన ఈ చేప తరువాత తమిళనాడు, ఆంధ్ర తీరాల్లోనూ వలకు చిక్కుతోంది. పైగా దేశంలో రొయ్యల సాగుకు ఆంధ్రప్రదేశ్ పెట్టింది పేరు. రొయ్యల మేతకు చేపల పొడి కావాలి. పడమటి రేవుల్లో ఈ ఏడు పిల్ల చేపను ఊడ్చేస్తే, తరువాతి ఏళ్లలో పొడి ధర రూపంలో ఆ భారం భీమవరం చెరువు గట్టుకూ చేరవచ్చు.

చట్టం ఉన్నా ప్రతి పడవ వెంటా అధికారి ఉండలేడు. రేవులో వేలం పాటకు నిలిచే కమీషన్ వ్యాపారి మాత్రం ప్రతి గంపనూ చూస్తాడు. మేత మిల్లులు, పొడి మిల్లులు తమ కొనుగోలు ఒప్పందాల్లో కిలోకు ఇన్ని చేపలకు మించరాదన్న షరతు రాసుకోవడం కష్టమేమీ కాదు. రొయ్యను కౌంటు చూసి ధర కట్టే వ్యాపారులకు ఈ పద్ధతి కొత్తదీ కాదు. పిల్ల చేపకు కొనేవాడు లేడని తెలిసిన నాడు, దాని కోసం డీజిలు తగలేసే పడవ కూడా ఉండదు.

సరుకు సమృద్ధిగా ఉన్నప్పుడే ఈ కట్టుబాటు సాధ్యం. కరవు వచ్చి ధర నాలుగు వందలు పలికే రోజున ఎవరికీ ఓర్పు ఉండదు. ఆ రోజు రాకముందే వర్తక సంఘాలు మేల్కొనడం వారికే మంచిది.