పాతబస్తీ ఇళ్లకు ఉమ్మడి ప్రమాద అంచనా కోరుతూ తీర్మానం

చార్మినార్ పరిసర బస్తీల ఇంటి యజమానులు, అద్దెదారులు, దుకాణదారులు కలిసిన ఈ సర్వసభ్య సమావేశం కింది విషయాలను చర్చించి తీర్మానం చేసింది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే వరద నివారణకు ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు సిద్ధమయ్యాయి. దాంతో వరద బెంగ తీరిందనుకున్నాం. కానీ 2020 అక్టోబరులో పాతబస్తీకి దక్షిణాన కాలనీలను ముంచింది మూసీ కాదు, కట్టలు తెగిన పల్లెచెరువు, గుర్రంచెరువు.

2025 మే 18 ఉదయం గుల్జార్ హౌజ్ దగ్గర జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. ఆ ఇంట్లో కింద దుకాణాలు, పైన కాపురాలు. లోపలికి సొరంగంలాంటి దారి, పైకి మీటరు వెడల్పు మెట్లు. ఇలాంటి ఇళ్లు మన గల్లీల్లో ఎన్ని ఉన్నాయో ఇక్కడ కూర్చున్న వారికి వేరే చెప్పనక్కర్లేదు.

నీటికి ఒక శాఖ, నిప్పుకు ఒక శాఖ, కూలే గోడకు మరో శాఖ ఉన్నాయి. ఇల్లు మాత్రం ఒక్కటే. డంగుసున్నం గోడ మీద సిమెంటు పూత వేస్తే లోపలి చెమ్మ బయటికి పోదు. అలా నానిన గోడ వాన వెలిశాక, ఎండ కాసే రోజున కూలవచ్చు. అదే గోడకు కరెంటు మీటర్లు, మెట్ల కింద అట్టపెట్టెల సరుకు, పైన వేసవి పొడవునా ఆగని ఏసీలు, కిటికీలకు తెరవరాని ఇనుప గ్రిల్లు. వీటిని విడివిడిగా చూసిన అధికారికి ఏదీ పెద్ద తప్పుగా కనిపించకపోవచ్చు. భూకంపం మాట ఎత్తితే నవ్వేవారూ ఉన్నారు. కానీ 1993లో భూకంపానికి కూలిన కిల్లారి కూడా ఈ దక్కను పీఠభూమి మీదే ఉంది.

అందుచేత, సంబంధిత శాఖలన్నీ ఒకే బృందంగా వచ్చి, వాన, నిప్పు, కూలుడు, ఎండ, భూకంపం అన్నింటినీ కలిపి ఇంటింటికీ ఒకే ప్రమాద అంచనా తయారుచేయాలని ఈ సభ కోరుతోంది. డంగుసున్నం పని తెలిసిన మేస్త్రీ ఒకరు ఆ బృందంలో తప్పక ఉండాలి. ఫైరింజన్ ఎంత దూరం రాగలదో పటం మీద గీత గీసి చెప్పడం చాలదు. బజారు కిటకిటలాడే రంజాన్ రాత్రి బండి తెచ్చి చూడాలి.

ఈ అంచనా కూల్చివేతలకు సాకు కారాదు. శిథిలమని నోటీసు అంటించి చేతులు దులుపుకోవడాన్ని సభ అంగీకరించదు. మరమ్మతుతో నిలిచే ఇంటిని నిలపాలి. ఖాళీ చేయించక తప్పకపోతే అద్దెదారు తిరిగి వచ్చే హక్కును రాతపూర్వకంగా ఇవ్వాలి. మన వంతుగా, మెట్ల మీద సరుకు పెట్టే దుకాణదారు తనంతట తానే తీసేయాలని, తెరవరాని గ్రిల్లు ఉన్న ప్రతి అంతస్తులో కనీసం ఒక కిటికీకి లోపలి నుంచి తెరుచుకునే తలుపు పెట్టించాలని సభ్యులందరినీ ఈ సభ ఆదేశిస్తోంది. ఈ విషయంలో పలుకుబడి చూడబోము.

దుకాణదారుల పక్షాన ప్రతిపాదించగా అద్దెదారుల పక్షాన బలపరచారు. సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. ప్రతులను నగరపాలక సంస్థకు, అగ్నిమాపక, విద్యుత్, పురావస్తు శాఖలకు, జలమండలికి పంపాలి. తెలుగు, ఉర్దూ ప్రతులను ప్రతి గల్లీ మొగదలలో అంటించాలి.