పిల్లికి బద్ధకం కాదు, కీళ్ల నొప్పులు



ఈసారి పోస్టు పత్తి గురించి కాదు, ధర గురించీ కాదు. పిల్లి గురించి. నవ్వేవాళ్లు నవ్వండి గానీ పూర్తిగా చదవండి.

వడ్ల బస్తాలు, వేరుశనగ విత్తనం ఎలకల పాలవకుండా కాసేది పిల్లే కదా. అదే పిల్లి పదేళ్లు దాటాక బస్తాల మీదికి ఎక్కదు, ఎలక కనపడినా లేవదు. "తిని పడుకోడం మరిగింది" అంటాం. కొందరైతే గోనెసంచిలో వేసి కాలవ అవతల వదిలేసి వస్తారు. నాకైతే అది అన్యాయం అనిపిస్తుంది. చాలావాటికి అది బద్ధకం కాదు, కీళ్ల అరుగుదల. అమెరికాలో 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లులకు ఈ అరుగుదల కనపడిందని 2002లో అచ్చయింది.

ఎద్దు కుంటితే దుక్కిలోనే తెలిసిపోతుంది. పిల్లి అంత తేలిగ్గా బయటపడదు. రెండు కాళ్లూ ఒకేలా నొప్పెడుతుంటే ఏ కాలని కుంటుతుంది చెప్పండి? పైగా నొప్పి దాచుకునే జాతి. కాబట్టి నడక ఒక్కటే చూస్తే చాలదు. ఒక్క దూకులో గోడెక్కేది ఇప్పుడు రెండు దూకుల్లో ఎక్కుతోందా? నడుము దగ్గర నాక్కోలేక బొచ్చు ఉండలు కడుతోందా? గోళ్లు పెరిగి నేలకి టకటకమంటున్నాయా? ఎత్తుకోబోతే కరుస్తోందా? బయటికెళ్లే పిల్లి ఇంట్లోనే మూత్రం పోస్తోందా? అది పొగరు కాదండీ, గడప దాటలేక.

ఇక అసలు భయం. జాలిపడి మన మాత్ర అరముక్క పాలల్లో కలిపి పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పారాసెటమాల్‌ను విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. సగం మాత్రకే చిగుళ్లు నీలంగా, గోధుమరంగుగా మారి, మొహం వాచి, ప్రాణం పోవచ్చు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా వద్దు. డైక్లోఫెనాక్‌ను పశువులకే వాడొద్దని 2006లో ఆపేశారు, రాబందులు చచ్చిపోతున్నాయని. ఆవుకి తెచ్చిన మెలాక్సికామ్ మిగిలింది కదా అని చుక్క వేయడమూ ప్రమాదమే. 400 కిలోల ఆవు మందు, నాలుగు కిలోల పిల్లికి ఎంతని కొలుస్తారు? ఎక్కువైతే కిడ్నీలు పోతాయి. పిల్లికి పనికొచ్చే మందులున్నాయి, కానీ బరువు తూచి, కిడ్నీ సంగతి చూసి డాక్టరే రాయాలి.

మన చేతిలో ఉన్నవి ఖర్చులేనివి. గాలి తగలని మూల పాత బొంత పరవండి, చలికాలం నొప్పి ఎక్కువ. అది ఎక్కే చోటికి మధ్యలో ఒక పీటో, సగం బస్తానో వేయండి. అంచు తక్కువున్న పళ్లెంలో ఇసుక పోసి దగ్గర్లో పెట్టండి. లావెక్కితే కీళ్ల మీద భారం, అన్నం కొంచెం తగ్గించండి. అలాగని ఒక్కసారే మాన్పించకండి, పిల్లికి అదీ ముప్పే. నాక్కోలేని చోట దువ్వెనతో మెల్లగా దువ్వండి.

పశువుల ఆస్పత్రికి పిల్లిని తీసుకెళితే నవ్వుతారని మొహమాటం వద్దు. మూతున్న బుట్టలో తీసుకెళ్లండి. అక్కడ భయానికి ముడుచుకు కూర్చుంటుంది, నడవదు. అందుకే ముందురోజే అది మెట్లెక్కేది, దిగేది ఫోన్లో వీడియో తీసి డాక్టరుకి చూపించండి.