పాకం చూసే పలుగురాయి

అరిసెలకు పాకం పట్టేటప్పుడు చుక్క తీసి చల్లటి నీళ్లలో వేస్తారు. ఉండ కడితే పొయ్యి కట్టేయాల్సిందే! చక్కెర మిల్లులోనూ ఇదే చిక్కు. రసం పలుచనైతే గింజ ఎదగదు, అతిగా చిక్కబడితే అక్కర్లేని సన్నగింజ పుడుతుంది. నిజాంసాగర్ నీళ్లతో పండిన చెరకు 1930ల్లో బోధన్‌కు ఫ్యాక్టరీని, శక్కర్‌నగర్‌ను తెచ్చిపెట్టింది. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. కానీ పాకం ప్రశ్న ఏ మిల్లుకైనా ఒక్కటే.

దానికి పలుగురాయి జవాబు చెప్పగలదా? గడియారంలోని క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ప్రయోగశాలల్లో వాడే పలుచటి బిళ్ల ఏకంగా 50 లక్షల సార్లు! దాని ఒక వైపు నీళ్లు తగిలితే ఆ లెక్క 700 దాకా పడిపోతుంది. బిళ్లను అంటుకున్న సన్నటి నీటిపొర కూడా దానితో పాటు కదలాలి కదా. ఎంత తగ్గుతుందన్నది ద్రవం చిక్కదనం, సాంద్రతల లబ్ధానికి వర్గమూలాన్ని బట్టి ఉంటుందని 1985లో కనజావా, గోర్డన్ తేల్చారు. 20 డిగ్రీల వద్ద 60 శాతం చక్కెర ద్రావణానికి లెక్క కడితే తగ్గుదల నీటికన్నా ఎనిమిది రెట్లు మించుతుంది.

ఇక్కడే ఓ మెలిక. బిళ్లకు గట్టిగా మడ్డి పట్టినా కంపనాలు తగ్గుతాయి. 1959లో సావర్‌బ్రే చెప్పింది ఇదే. మరి తగ్గింది చిక్కదనం వల్లా, మడ్డి వల్లా?

కరెంటు ఆపేసి, కంపనం ఎలా ఆగిపోతుందో చూడాలి. గంటకు కాస్త లోహం అతికిస్తే స్వరం మారుతుంది, మోత మాత్రం సాగుతుంది. అదే తడిగుడ్డ చుడితే వెంటనే అణగిపోతుంది. మడ్డి బరువునే పెంచుతుంది, పాకం బరువుతో పాటు రాపిడినీ పెంచుతుంది. కాబట్టి కంపనాల లెక్క, అణగే సమయం రెండూ తెలిస్తే దొంగ దొరికినట్టే. ఈ పద్ధతిని 1990ల్లో స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు పరికరంగా మలిచారు.

పరిమితులూ ఉన్నాయి. బిళ్లకు తెలిసేది తనను తాకిన పొర గురించే, పాకంలో తేలే గింజల గురించి కాదు. మరీ చిక్కనైతే అసలు మోగకపోవచ్చు. పైగా వేడి పెరిగితే పాకం పలుచనవుతుంది. కాబట్టి వేడి నిలకడకు వచ్చేదాకా ఆగాలి. పక్కన ఉష్ణోగ్రత రాయని రీడింగ్ ఎందుకూ కొరగాదు.