నెల తప్పినా ఇన్‌హేలర్ తప్పకూడదు

ఉబ్బసం ఉన్న అమ్మాయి నెల తప్పిందని తెలిసిన రోజున ఇంట్లో స్వీట్లతో పాటు ఒక సలహా కూడా చేతిలో పెడతారు. "ఇక ఆ పఫ్ మానెయ్యమ్మా, కడుపులో బిడ్డకు వేడి చేస్తుంది." ఆ మాట అత్తగారు అనొచ్చు, కన్నతల్లే అనొచ్చు, మందుల షాపులో కుర్రాడు కూడా అనొచ్చు. ఎవరూ అనకపోయినా అమ్మాయి తన భయం కొద్దీ ఇన్‌హేలర్‌ను బీరువాలో పెట్టేస్తుంది. రెండు మూడు వారాలు ఏమీ కాదు. మోసమంతా అక్కడే ఉంది. రోజూ వాడే నివారణ మందు ప్రభావం మెల్లగా దిగిపోతుంది. ఐదో నెలలోనో ఆరో నెలలోనో ఒక జలుబు పట్టుకుంటుంది, అర్ధరాత్రి పిల్లికూతలు మొదలవుతాయి.

అందుకే అసలు మాట ముందే చెబుతున్నాం. డాక్టరు చెబితే తప్ప గర్భిణి ఉబ్బసం మందు మానకూడదు. ఇప్పటికే మానేసి ఉంటే, వచ్చే చెకప్ దాకా ఆగకుండా ఇవాళే డాక్టరుతో మాట్లాడాలి.

కడుపులో బిడ్డకు సొంత ఊపిరి లేదు. తల్లి పీల్చిన గాలిలోంచి మాయ దాటి వచ్చే ఆక్సిజనే దానికి ఆధారం. తల్లికి ఊపిరాడకపోతే బిడ్డకు అందేదీ తగ్గుతుంది. ఉబ్బసం అదుపులో లేకపోతే నెలలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ బరువు తక్కువగా పుట్టడం, తల్లికి రక్తపోటు పెరిగి ప్రీఎక్లాంప్సియా రావడం వంటి ముప్పులు పెరుగుతాయి. బిడ్డ కోసమని మందు మానితే ఆ దెబ్బ చివరికి బిడ్డకే తగులుతుంది.

మరి మందు వల్ల ప్రమాదం లేదా? లెక్క చూడండి. ఆయాసం తగ్గించే సాల్బుటమాల్ ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు. అదే మందు మాత్రలో 4 మిల్లీగ్రాములు, అంటే 40 పఫ్‌లంత. పైగా మాత్ర ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. పఫ్ అయితే నేరుగా అక్కడికే వెళ్తుంది. అయినా మన ఇళ్లలో 'మాత్రయితే పర్లేదు, పఫ్ మాత్రం వద్దు' అంటారు! ఇక స్టిరాయిడ్ అన్న మాట వింటేనే గుండె జారుతుంది. పీల్చే స్టిరాయిడ్లలో బ్యుడెసొనైడ్ గురించి గర్భిణుల్లో ఎక్కువ సమాచారం ఉంది. స్వీడన్ జనన రికార్డుల్లో, గర్భం తొలి నెలల్లో దాన్ని వాడిన తల్లుల బిడ్డలు 2,000 మందికి పైగా వివరాలు చూస్తే, పుట్టుకతో వచ్చే లోపాలు మిగతా బిడ్డల కంటే చెప్పుకోదగ్గంత ఎక్కువగా కనిపించలేదు. ఆయాసం ముదిరినప్పుడు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ మాత్రలో కూడా చాలా భాగాన్ని మాయే నిర్వీర్యం చేస్తుంది. అవసరమైనప్పుడు వెనకాడితేనే చేటు.

గర్భంలో ఉబ్బసం ఎటు తిరుగుతుందో ముందే చెప్పలేం. దాదాపు మూడో వంతు మందిలో ముదురుతుంది, మూడో వంతులో తగ్గుతుంది, మిగతావాళ్లలో ఎప్పటిలాగే ఉంటుంది. 'పోయినసారి ఏమీ కాలేదుగా' అన్న ధీమా అందుకే పనికిరాదు. ఇక్కడ ఇంకో చిక్కుంది. కడుపుతో ఉన్నవాళ్లకు కాస్త ఆయాసం మామూలే, రక్తహీనత ఉన్నా ఆయాసం వస్తుంది. కానీ పిల్లికూతలు రావడం, రాత్రి దగ్గుతో మెలకువ రావడం, ఛాతీ పట్టేసినట్టు ఉండటం మామూలు కావు. వాటిని 'నెలలు నిండుతున్నాయి, అంతేలే' అని సర్దిచెప్పొద్దు.

కాన్పు డాక్టరుకు ఉబ్బసం సంగతి చెప్పని వాళ్లు చాలామందే ఉంటారు. 'అది ఛాతీ డాక్టరు చూసే జబ్బు కదా' అనుకుంటారు. గర్భిణికి బీపీ పెరిగితే మామూలుగా ఇచ్చే లాబెటలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకు పడదు, వేరే మందు ఎంచుకోవాలి. కాన్పయ్యాక రక్తస్రావం ఆపడానికి ఇచ్చే కార్బొప్రోస్ట్ ఇంజెక్షన్ శ్వాసనాళాలను బిగదీయగలదు. ఆస్పిరిన్ పడని ఉబ్బసం కొందరిది. ఇవన్నీ లేబర్ రూమ్ హడావుడిలో గుర్తుచేసుకునే సంగతులా? తల్లీబిడ్డల సంరక్షణ కార్డు మీద 'ఉబ్బసం ఉంది, ఫలానా ఇన్‌హేలర్ వాడుతోంది' అని పెద్దక్షరాలతో రాయించండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. ఆ రోజు ఇన్‌హేలర్ వెంట తీసుకెళ్లి, ఎలా వాడుతున్నారో నర్సు ముందు చేసి చూపించండి. పీల్చాల్సిన పొడి క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. స్టిరాయిడ్ పఫ్ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మడమూ చాలామందికి తెలియదు.

పేరూ ఊరూ లేని పొట్లాల మందు జోలికి మాత్రం పోవద్దు. అందులో ఏం కలిపారో ఇచ్చినవాడికే తెలియాలి. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు కోసం వేలమంది బారులు తీరుతారు. నమ్మకం ఎవరిది వాళ్లది. అయితే దానితో ఉబ్బసం నయమవుతుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. ఆ మందు పెట్టిన కొర్రమీను మింగామన్న భరోసాతో ఇన్‌హేలర్ పక్కన పెట్టడం గర్భిణి చేయకూడని పని.

ఆయాసం వచ్చిందంటే పడుకోబెట్టొద్దు, నిటారుగా కూర్చోబెట్టండి. సాల్బుటమాల్‌ను స్పేసర్‌తో, ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు ఇవ్వండి. 20 నిమిషాల్లో తేలిక పడకపోతే మళ్లీ నాలుగు ఇస్తూనే 108కి ఫోన్ చేయండి. వాక్యం పూర్తిగా చెప్పలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, బిడ్డ కదలిక తగ్గినా 20 నిమిషాలు కూడా ఆగొద్దు. ఆయాసం తగ్గిపోయినా అదే రోజు డాక్టరుకు చూపించాల్సిందే.

పొగ సంగతి ఇంట్లోవాళ్ల చేతిలో ఉంది. దోమల చుట్ట, అగరుబత్తి, కట్టెల పొయ్యి, భర్త కాల్చే బీడీ, ఎండుమిర్చి తాలింపు ఘాటు అన్నీ ఆమె ఊపిరితిత్తుల్లోకే పోతాయి. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే గర్భిణులు ఉన్న గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో ఆశా కార్యకర్తలు ఈ సంగతి ఇంటింటికీ చెప్పాలి. ఉబ్బసం ఉంటే ఆ సీజన్ కూలి వదులుకోక తప్పదు. చెప్పడం తేలికే, ఆ కూలి డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

కాన్పయ్యాక కూడా ఇన్‌హేలర్ ఆపక్కర్లేదు, పాలిచ్చే తల్లి నిశ్చింతగా వాడొచ్చు. అయితే పుట్టింట్లో ఇంకోటి కాచుకుని ఉంటుంది. తలంటు పోసి, తలుపులు బిగించి, బాలింత జుట్టుకు, పసిబిడ్డకు సాంబ్రాణి పొగ వేస్తారు. అమ్మమ్మలూ, ఈ ఒక్కటి వదిలేయండి. తువ్వాలుతో తుడిచి కాసేపు ఎండలో కూర్చోబెడితే జుట్టు దానంతట అదే ఆరుతుంది.