రక్తం తీసే చేతికీ రిజిస్టర్ కావాలి

వైద్యుని గది బయట పేరు, పట్టా, రిజిస్ట్రేషన్ సంఖ్య రాసి ఉంటాయి. రక్తం తీసేవారికి, ఎక్స్‌రే తీసేవారికి, డయాలిసిస్ యంత్రం నడిపేవారికి అటువంటి సంఖ్య ఉందా అని మనలో ఎందరం అడుగుతాము? అడగాలన్న ఆలోచనే రాదు. అయితే వైద్యుని నిర్ణయం చాలావరకు వారి పనితనం మీదే ఆధారపడి ఉంటుంది.

ఉదాహరణకు, గ్లూకోజు ఎక్కుతున్న చేతి నుండే రక్తం తీస్తే చక్కెర లేనిపోనంత ఎక్కువగా కనిపిస్తుంది. ఈడీటీఏ గొట్టంలోని రక్తాన్ని మరో గొట్టంలోకి ఒంపితే పొటాషియం పెరిగినట్లు, కాల్షియం తగ్గినట్లు రిపోర్టు వస్తుంది. ఎంత ఖరీదైన యంత్రమైనా ఈ తప్పును సరిదిద్దలేదు. ఆ కాగితాన్ని నమ్మి మందు రాస్తే, లేని జబ్బుకు చికిత్స జరుగుతుంది.

మన దేశంలో నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947 నాటిది. ఫార్మసీ చట్టం 1948 నాటిది. ఆసుపత్రిలో పనిచేసే మరెన్నో వృత్తులవారికి దేశమంతటికీ వర్తించే చట్టం 2021లో గానీ రాలేదు. జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ల్యాబ్, రేడియాలజీ, ఫిజియోథెరపీ, పోషకాహారం మొదలైన 10 వర్గాలలో 50కి పైగా వృత్తులను తన పరిధిలోకి తెచ్చింది. అనుబంధ వృత్తులకు కనీసం 2,000 గంటల శిక్షణ, ఫిజియోథెరపీ వంటివాటికి 3,600 గంటల శిక్షణ ఉండాలన్నది. రాష్ట్రాలలో కౌన్సిళ్ళ ఏర్పాటు సాగక, 2024లో సుప్రీంకోర్టు గడువు విధించవలసి వచ్చింది.

రిజిస్టర్‌కు మూడు పనులున్నాయి: అర్హతను కొలవడం, పేర్లను ప్రజల ముందుంచడం, తప్పు జరిగితే విచారించి పేరు తొలగించడం. మూడవది లేకపోతే మొదటి రెండింటికీ విలువ ఉండదు. బ్రిటన్‌లో హెచ్‌సీపీసీ అనే సంస్థ 15 వృత్తులకు ఈ మూడు పనులూ చేస్తుంది. అక్కడ ఎవరైనా ఇంట్లో కూర్చుని తమ ఫిజియోథెరపిస్టు పేరు రిజిస్టరులో ఉన్నదీ లేనిదీ చూసుకోవచ్చు. రెండేళ్ళకొకసారి నమోదును పునరుద్ధరించుకోవాలి. చదువు కొనసాగిస్తున్నామని చూపాలి.

ఇంత కఠినంగా ఉంటే పల్లెల్లో పనిచేసేవారే దొరకరని కొందరంటారు. ఆ ఆందోళన సహేతుకమే. ఏళ్ళ తరబడి అనుభవంతో పని నేర్చుకున్నవారిని ఒక్క రోజులో ఇంటికి పంపడం అన్యాయం. వారికి తాత్కాలిక నమోదు, శిక్షణ, పరీక్ష, తగిన వ్యవధి ఇవ్వాలి. అయితే పేదవాడికి అందేది ఏదైనా సరేనన్న వాదనను నేను ఒప్పుకోను. తప్పు రిపోర్టు వస్తే మరో ల్యాబ్‌కు వెళ్ళే స్తోమత అతనికే లేదు. ప్రమాణాల అవసరం అందరికన్నా అతనికే ఎక్కువ.

రిజిస్టర్ పనిచేసేవారికీ రక్షణే. చదివి వచ్చిన టెక్నీషియన్‌కు, ఏ చదువూ లేనివారికి ఒకే జీతం ఇచ్చే యజమానిని ప్రశ్నించడానికి ఆ సంఖ్య ఆధారమవుతుంది.

పాఠకులకు నా విన్నపం ఒక్కటే. ఇకపై పరీక్షకు వెళ్ళినప్పుడు, "మీరు ఎక్కడ శిక్షణ పొందారు? మీ పేరు నమోదైందా?" అని మర్యాదగా అడగండి. అర్హత ఉన్నవారు సంతోషంగా జవాబిస్తారు. ఈ ప్రశ్న పదిమంది అడిగితే ల్యాబ్ యజమానులు అర్హులను వెదుకుతారు. వేలమంది అడిగితే ప్రభుత్వాలు కౌన్సిళ్ళకు ప్రాణం పోస్తాయి.